ఇల్లు కట్టుకునేవారి ప్రశ్నలు: మన ప్రాంతపు పోలిక ఇంట్లో ఎక్కడుంటుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. నూటయాభై, రెండు వందల గజాల స్థలంలో, బ్యాంకు రుణం తీసుకుని, కాంక్రీటుతో కట్టుకునే ఇల్లు తాను నిలిచిన ప్రాంతానికి చెందినదిగా ఉండగలదా అన్నది ఆ సందేహం. ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారిది కోనసీమలో మండువా లోగిలి. ఉద్యోగరీత్యా మేము రాజమహేంద్రవరంలో స్థిరపడి, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల తూర్పు ముఖం స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నాము. మండువా కావాలని అడిగితే ఇంజనీరుగారు నవ్వి, హాలు మధ్యలో కప్పుకు గాజు పెట్టిస్తానన్నారు. ఇంత స్థలంలో మండువా సాధ్యమేనా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: తాతగారి ఇంటిని ఈ స్థలంలో ఇమడ్చలేము. ఆ ఇంట్లో మండువా చేసిన పనిని మాత్రం తప్పక తెచ్చుకోవచ్చు. ముందు ఆ పని ఏమిటో చూద్దాం. మండువా లోగిలిలో నాలుగు వైపులా గదులు, వాటి ముందు మధ్యకు తెరుచుకున్న వసారాలు, ఆ నడుమ ఆకాశం కింద కాస్త పల్లంగా ఉన్న గచ్చు ఉంటాయి. పెంకు కప్పు సగం బయటికి, సగం లోపలికి వాలుతుంది. లోపలి వాలు మీద పడిన వాన మండువాలోకి దిగి, తూము గుండా బయటికి పోతుంది. వీధి వైపు కిటికీలు చిన్నవే అయినా గదులన్నిటికీ వెలుతురు అందేది ఈ ఖాళీ నుంచే. పగలు వేడెక్కిన గాలి దీని గుండా పైకి పోతుంటే, నీడలో ఉన్న వసారాల మీదుగా, పెరటి గుమ్మం నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది.

ఇక్కడ డెల్టాకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. పొడి వాతావరణంలో రాత్రివేళ చల్లబడిన గాలి ఇంటి నడిమి ఖాళీలో నిలిచి, మర్నాడు కొన్ని గంటల పాటు ఇంటిని చల్లగా ఉంచుతుంది. తేమ ఎక్కువగా ఉండే గోదావరి తీరంలో నీడ ఉన్నంత మాత్రాన సుఖం ఉండదు, ఒంటికి గాలి తగలాలి. అందుకే ఆ ఇళ్లలో వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో పెట్టేవారు. మీ తాతగారి ఇంట్లో మీకు గుర్తున్న చల్లదనంలో మండువా వాటా ఎంతో, ఆ వరస గుమ్మాల వాటా కూడా అంతే.

ఇంజనీరుగారు చెప్పిన గాజు ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. మన అక్షాంశంలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు కాబట్టి, కప్పులో పెట్టిన గాజుకు ఏ సన్‌షేడూ అడ్డు రాదు. పాలీకార్బొనేట్ షీటు వేసినా ఇదే ఫలితం. పై నుంచి మూసిన మండువా ఏసీ బిల్లు పెంచడానికే పనికొస్తుంది.

ఇప్పుడు కొలతలకు వద్దాం. రెండు పక్కలా ఒక్కో మీటరు సందు వదిలినా మీకు మిగిలేది సుమారు 23 అడుగుల వెడల్పు. అందులో నడిమధ్య ఖాళీ పెట్టి చుట్టూ గదులు తిప్పితే ఒక్కో గది 7 అడుగుల పెట్టె అవుతుంది. కాబట్టి ఖాళీని మధ్యలో కాక, ఉత్తరపు పక్క సందుకు ఆనించి, 8 అడుగులు, 10 అడుగుల కొలతతో వదలండి. సందు కూడా కలవడంతో అది 11 అడుగుల దాకా విశాలమవుతుంది. సాయంత్రపు ఎండకు మీ ఇంటి పడమటి గదులే దానికి అడ్డుగా నిలుస్తాయి. వంటగది, భోజనాల చోటు, మెట్లు, వీలైతే ఒక పడకగది ఆ ఖాళీ వైపు తెరుచుకోవాలి. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి తలుపు తప్పకుండా ఉండాలి. ఇందుకు మీరు వదులుకునేది 80 చదరపు అడుగులు, అంటే మీ 1,800 చదరపు అడుగుల స్థలంలో 5 శాతం కన్నా తక్కువ.

వానకు భయపడనక్కరలేదు. ఒక్కరోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిసినా 80 చదరపు అడుగుల మీద పడేది సుమారు 740 లీటర్లే. గచ్చును ఇంటి నేల కన్నా 6 అంగుళాలు పల్లంగా వేసి, 4 అంగుళాల గొట్టం ఇంకుడు గుంటకు కలిపితే చాలు. డాబా మీది నీళ్లను మాత్రం అందులోకి వదలవద్దు. భద్రత కోసం పైన ఇనుప గ్రిల్లు పెట్టించండి. దోమతెర పైన కాకుండా, ఖాళీలోకి తెరిచే తలుపులకు, కిటికీలకు పెట్టండి.

ఇరుకు స్థలంలో ఇలాంటివి కుదరవని ఎవరైనా అంటే, 1930లో సికింద్రాబాదులో పుట్టిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ఉదాహరణ చెప్పండి. ఆయన 1960ల ఆరంభంలో అహ్మదాబాదులో తక్కువ ఆదాయ కుటుంబాల కోసం దాదాపు 12 అడుగుల వెడల్పులోనే ఒక ఇల్లు కట్టి చూపించారు. అందులో వేడిగాలి వాలు కప్పు వెంట ఎగబాకి, కొనన వదిలిన కంత గుండా బయటికి పోయేది. మీకు అంతకు రెట్టింపు వెడల్పు ఉంది.

ఒక మాట కలుపుతాను. మండువా లోగిలి డెల్టాలో అందరి ఇల్లూ కాదు. మాగాణి ఆదాయం ఉన్న ఉమ్మడి కుటుంబాల ఇల్లు అది. వారి పొలాల్లో పనిచేసినవారు తాటాకు ఇళ్లలో ఉండేవారు. ప్రాంతపు పోలిక అనగానే మండువా స్తంభాలే గుర్తొచ్చేవారు, ఆ తాటాకు ఇంటికీ తక్కువ ఎత్తు చూరు, నీడపట్టున అరుగు, వెనక పెరడు ఉండేవని కూడా గుర్తుంచుకోవాలి. మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉన్న పాఠాలు ఆ చిన్న ఇంట్లోనే ఎక్కువ.

ప్రశ్న: మా కాలనీలో ఇటీవల కట్టిన ఇళ్లన్నీ ‘కేరళ మోడల్’ పేరుతో ఏటవాలు కప్పులతో వచ్చాయి. మా ఇంట్లోవారూ అదే కోరుతున్నారు. అనంతపురం ఎండలకు అది సరిపోతుందా? మన రాయలసీమకు సొంత పద్ధతి ఏదైనా ఉందా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: కేరళలో ఏడాదికి సగటున సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అనంతపురంలో సుమారు 550. ఒకచోట కప్పు ముఖ్యంగా చేయవలసిన పని నీటిని వెంటనే దించేయడం, రెండోచోట ఎండను ఆపడం. పైగా ఇప్పుడు కడుతున్న ఏటవాలు కప్పుల్లో చాలా వాటిలో కాంక్రీటు శ్లాబును వాలుగా పోసి, దాని మీద పెంకు అతికిస్తున్నారు. పాత పద్ధతిలో పెంకు చెక్క వాసాల మీద నిలుస్తుంది, పెంకుల మధ్య సందుల్లోంచి వేడిగాలి పోతుంది. కాంక్రీటుకు అతుక్కుపోయిన పెంకుకు ఆ అవకాశం లేదు. అది రంగు చేసే పనే చేస్తుంది, రంగు కన్నా ఎంతో ఎక్కువ ఖర్చుతో. వాలుగా సెంట్రింగు (శ్లాబు పోసే అచ్చు) కట్టే కూలి అదనం, డాబా మీద నడిచే చోటు పోవడం మరో నష్టం.

మరో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. మనం ‘కేరళ సంప్రదాయం’ అనుకునే ఆ చదును పెంకు 1860లలో మంగుళూరులో బాసెల్ మిషన్ క్రైస్తవ ప్రచారకులు నెలకొల్పిన కార్ఖానా నుంచి వ్యాపించినది. మన కోస్తా ఇళ్ల మీదికి కూడా ఆ రకం పెంకే వచ్చి, చేత్తో చేసిన గూన పెంకును చాలాచోట్ల పక్కకు నెట్టింది. కాబట్టి పరాయిది అన్న కారణంతో దేన్నీ కాదననవసరం లేదు. ఆ పెంకు తీరప్రాంతాల్లో నిలిచింది అక్కడి వానకు పనికొచ్చింది గనుక. మీ ఊళ్లో దానికి పని లేదు.

సీమకు సొంత పద్ధతి ఉంది. దాని పేరు మీకూ తెలుసు, మిద్దె. రాతితోనో మట్టితోనో అడుగున్నర, రెండడుగుల మందం గోడలు కట్టి, వాటిపై దూలాలు, దూలాలపై దంతెలు (అడ్డంగా పరిచే సన్నని కర్రలు), ఆపై కట్టెపుల్లలు, ఆకు పరచి మందంగా మట్టి వేసి, చివరగా చౌడు మట్టి పరిచేవారు. పంటకు పనికిరాని చౌడునే కప్పుకు ఎంచుకోవడంలో గొప్ప గమనింపు ఉంది. ఆ మట్టిలోని సోడియం వల్ల తడవగానే సన్నని రేణువులు విడిపోయి సందులు మూసుకుపోతాయి, నీరు కిందికి దిగదు. గోడలు, కప్పు మందంగా ఉండటం వల్ల పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి మనుషులు మిద్దె పైన పడుకుని ఉంటారు. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పులో గవాచి అనే కంత ఉండేది. వాన వస్తే దాన్ని మూసేవారు.

ఈ మిద్దెను ఉన్నదున్నట్టు కట్టమని నేను చెప్పను. ఏటా వానలకు ముందు చౌడు వేయించాలి, చెదలతో, పురుగూపుట్రతో వేగాలి, ఆ పని తెలిసిన చేతులు కూడా తగ్గిపోయాయి. మీరు చేయదగినవి వేరే ఉన్నాయి. శ్లాబు చదునుగానే పోయించి, దానిపై సున్నంలో ఇటుక ముక్కలు కలిపిన 3, 4 అంగుళాల పొర వేయించి, పైన తెల్లటి పలకలు పరిపించండి. పడమటి గోడ ఒక్కటైనా 15 అంగుళాల మందంతో మీ దగ్గరి రాతితో కట్టించండి. గవాచి బదులు మెట్ల గది నెత్తిన నాలుగు వైపులా తెరిచే కిటికీలు పెట్టి, రాత్రంతా తెరిచి ఉంచి, ఉదయం ఎండ ఎక్కకముందే ఇంటి కిటికీలన్నిటితో పాటు మూసేయండి. నేలకు బేతంచెర్ల నాపరాయి, వంటగదికి, అల్మారాలకు కడప బండ వాడండి. ఇవి చాలా దూరం నుంచి తెప్పించే టైల్స్ కన్నా దగ్గరివి, అరిగినా మళ్లీ పాలిష్ పట్టించుకోగలిగినవి.

డాబా మీద పడుకునే అలవాటు మీ ఇంట్లో ఇంకా ఉంటే పిట్టగోడ విషయంలో జాగ్రత్తపడండి. మూడున్నర అడుగుల ఎత్తున నిండుగా కట్టేస్తే పడుకున్నవారికి గాలి తగలదు. అడుగు భాగంలో జాలి ఇటుకలు (గాలి పోయే కంతలున్నవి) పెట్టిస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇంత చేశాక మీ ఇంటి ముఖం దానంతటదే సీమ ఇల్లుగా కనిపిస్తుంది. దానికి వేరుగా అలంకారం వెతకవలసిన పని ఉండదు.

ప్రశ్న: హైదరాబాదులో 150 గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాము. రోడ్డు పడమర వైపు ఉంది. ఎలివేషన్ (ఇంటి ముందు భాగపు అలంకారం) కోసం ఏసీపీ అనే అల్యూమినియం పూత షీట్లు, యంత్రంతో కోసిన సీఎన్‌సీ జాలి, లైట్లు కలిపి కాంట్రాక్టరు పెద్ద మొత్తమే చెప్పారు. హైదరాబాదు ఇల్లులా కనిపించాలంటే ముందు కమానులు పెడితే సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: కమానులు వద్దు. కాంక్రీటు దూలం మోస్తున్న చోట కింద ఉత్తుత్తి కమాను అతికించడం వల్ల ఖర్చు పెరుగుతుంది, పై నుంచి వెలుతురు తగ్గుతుంది.

మీ ఇంటి అసలు సమస్య, అసలు అవకాశం రెండూ పడమటి ముఖంలోనే ఉన్నాయి. మే నెలలో సాయంత్రం 4 గంటలకు హైదరాబాదులో సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తున, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. ఆ సమయంలో 2 అడుగుల సన్‌షేడ్ ఇచ్చే నీడ కిందికి అడుగున్నర మాత్రమే. 4 అడుగుల కిటికీలో మిగిలిన రెండున్నర అడుగుల మీద ఎండ నేరుగా పడుతుంది. గంట గడిస్తే ఆ కాస్త నీడ కూడా సగమవుతుంది. అలాగని పడమరను గోడతో మూసేయడమూ పొరపాటే, ఎందుకంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్కను పీఠభూమి మీద గాలి వచ్చేది ఆ వైపు నుంచే. ఎండ ఆగాలి, గాలి రావాలి. ఇందుకు ఒక్కటే మార్గం. అసలు గోడకు మూడు, నాలుగు అడుగుల ముందు మరో పలుచని జాలి గోడ నిలిపి, మధ్యన వసారా వదలడం. జాలి పట్టిన వేడి వసారా గాలిలోనే ఆగిపోయి పైకి పోతుంది, గదుల దాకా రాదు.

మీ కాంట్రాక్టరు చెప్పిన జాలి ఈ పని చేయదు. అది గట్టి గోడ మీదనే బిగించే బొమ్మ. దాని వెనక కిటికీ లేదు, ఖాళీ లేదు. జాలిని మట్టితోగానీ సిమెంటుతోగానీ చేసిన దిమ్మెలతో మేస్త్రి చేత కట్టించుకుంటే చాలు. 1930ల నుంచి 1950ల వరకు ఈ నగరంలో కట్టిన ఇళ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి, వీలైతే చూసి రండి. గుండ్రంగా తిరిగే వరండాలు, గోడ చుట్టూ పట్టీలా సాగే సన్‌షేడ్, సిమెంటు జాలీలు, షాబాదు బండల నేల కనిపిస్తాయి. అవి రాజుల భవనాలు కావు, ఉద్యోగులు, వకీళ్లు కట్టుకున్నవి. హైదరాబాదు మధ్యతరగతికి ఒక పోలిక కావాలంటే చార్మినారు కన్నా అవే దగ్గరి బంధువులు.

ఏసీపీ షీట్లకు పెట్టదలచిన డబ్బులో కొంత డాబాకు మళ్లించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు వేడిని తిప్పికొట్టే కప్పును తప్పనిసరి చేసింది. మీ ఇల్లు ఆ పరిధిలోకి రాదు. అయినా మీ పై అంతస్తు గదులన్నీ ఎండ పడే శ్లాబు కిందే ఉంటాయి కాబట్టి మీకూ అది అవసరమే.

ప్రశ్న: పాత ఇళ్లన్నీ వాస్తు ప్రకారం కట్టినవే కదా. వాస్తును కచ్చితంగా పాటిస్తే ప్రాంతపు పోలిక దానంతటదే వస్తుందా?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: రాదు. వాస్తు చెప్పే దిక్కులు శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఒకటే. అక్కడి పాత ఇళ్లు మాత్రం ఒకదానితో ఒకటి పోలవు. అంటే ఆ తేడా మట్టి, వాన, కలప, పనివారి చేతుల నుంచి వచ్చిందన్నమాట. మీ నమ్మకం గురించి నేను వాదించను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఇంటి నడిమధ్య భాగం బ్రహ్మస్థానమని, అక్కడ బరువు పెట్టకూడదని చెప్పే శాస్త్రాన్ని పాటిస్తున్నామంటూనే, ఈశాన్యం మూల ఒక్కటి వదిలి మిగిలిన స్థలమంతా శ్లాబు కిందికి తెస్తున్న ప్లాన్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నాయి.

ప్రశ్న: మా ఊళ్లో ఒకప్పుడు చుట్టిళ్లు ఉండేవి, ఇప్పుడు దాదాపు లేవు. తుపానులకు అవే తట్టుకునేవని పెద్దలు చెబుతారు. మా కొత్త ఇంట్లో ఒక గదినైనా గుండ్రంగా కట్టించాలని ఉంది. మీ సలహా ఏమిటి?
(ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: పెద్దలు చెప్పింది నిజం. గుండ్రటి గోడకు గాలి ఎదురు నిలవదు, చుట్టుకుని పోతుంది. శంకువులా లేచిన తాటాకు కప్పుకు ఏ వైపూ నిలువు ముఖం లేదు. చూరు నడుము ఎత్తు దాకా దిగి ఉండటం వల్ల మట్టి గోడ తడవదు, గాలి కప్పు కిందికి దూరి పైకెత్తే వీలూ తక్కువ. కప్పు ఎగిరిపోయినా తాటాకు దొరికే ఊళ్లో కొద్ది రోజుల్లో మళ్లీ వేసుకోగలిగేవారు. ఈ చివరి గుణం మిగతా వాటి కన్నా తక్కువది కాదు.

కాంక్రీటు ఇంట్లో ఒక గుండ్రటి గది కట్టడం వల్ల ఇందులో ఏదీ దక్కదు. కాంక్రీటు ఇల్లు తన బరువుతోనే గాలికి నిలుస్తుంది, దానికి గుండ్రం అవసరం లేదు. మంచం, బీరువా ఆ గోడకు ఆనవు, వాటి వెనక చోటు వృథా. చుట్టింటి నుంచి మీరు తీసుకోవలసిన పాఠం కప్పు అంచుల గురించి. 2014 అక్టోబరులో విశాఖ మీదికి వచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో మీ జిల్లాను తాకిన తిత్లీ వంటి తుపానుల్లో ముందు లేచిపోయేవి రేకులు. ఇల్లు గట్టిగా కట్టి, ఎండ కోసం డాబా మీద ఇనుప గొట్టాలు నిలిపి రేకుల షెడ్డు వేయడం ఇప్పుడు కోస్తా అంతా కనిపిస్తోంది. నాలుగు వైపులా తెరిచిన ఆ షెడ్డు కిందికి గాలి దూరితే, రేకులు ఎగిరి పక్కింటివారి మీద పడతాయి. షెడ్డు తప్పదనుకుంటే రెండు వాలుల కప్పు బదులు నాలుగు వైపులా వాలే కప్పు, సుమారు 30 డిగ్రీల వాలుతో వేయించండి. రేకు అంచు గొట్టం దాటి అడుగున్నర కన్నా బయటికి రాకూడదు. గొట్టాల కాళ్లను పిట్టగోడకు కాక, శ్లాబు పోసే సమయంలోనే పిల్లర్ల నుంచి తీసిన బోల్టులకు బిగించాలి. అంచుల దగ్గర బోల్టులు మధ్యలో కన్నా దగ్గరగా ఉండాలి, ఎందుకంటే గాలి మొదట పట్టి లాగేది అంచునే.

చుట్టిల్లు అచ్చంగా చూడాలనిపిస్తే, మీ ఊళ్లో మిగిలిన ఒక్కదాన్నైనా కప్పు మార్చి నిలబెట్టడానికి నలుగురూ కలవండి. కొత్త ఇంట్లో దాని బొమ్మ కట్టడం కన్నా అదే మేలు.

ప్రశ్న: ఇటుక తక్కువ పట్టే ర్యాట్ ట్రాప్ గోడ, పెంకులు పెట్టి పోసే ఫిల్లర్ శ్లాబు గురించి విని, మా ఇంటికి చేయించాలనుకున్నాము. మా మేస్త్రిగారు ‘అవి కేరళలో నడుస్తాయి, ఇక్కడ గోడ నిలవదు’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మేస్త్రిగారి భయంలో కొంత న్యాయం ఉంది కాబట్టి ఆయన్ను తోసిపుచ్చకండి. గోడ నిలవకపోవడానికి కారణం కేరళ, తెలంగాణల తేడా కాదు. చేయి తిరగకపోవడం, ఇటుక కొలత కుదరకపోవడం.

ఈ రెండు పద్ధతులనూ మన దేశంలో విస్తృతంగా వాడి చూపినవారు లారీ బేకర్ (1917-2007). ఇంగ్లండులో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడి, మధ్యతరగతికి, పేదలకు తక్కువ ఖర్చులో ఇళ్లు కట్టిన వాస్తుశిల్పి. ర్యాట్ ట్రాప్ గోడలో ఇటుకలను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి పేరుస్తారు. రెండు వరుసల నడుమ ఖాళీ మిగులుతుంది. గోడ మందం మామూలు 9 అంగుళాలే ఉన్నా ఇటుకలు దాదాపు నాలుగో వంతు తక్కువ పడతాయి, లోపలి గాలి పొర వల్ల వేడి నెమ్మదిగా దిగుతుంది. ఫిల్లర్ శ్లాబు సంగతీ అంతే. శ్లాబు కింది సగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుము, అక్కడి కాంక్రీటు మోత తక్కువ. ఆ భాగంలో ఊచల మధ్య పెంకులు పేర్చి కాంక్రీటు తగ్గిస్తారు. ఊచల కొలత మాత్రం ఇంజనీరు లెక్కగట్టి ఇవ్వాలి, మేస్త్రి అంచనాకు వదలకూడదు.

మీరు ముందు చూసుకోవలసింది ఇటుక. పక్కకు నిలబెట్టిన ఇటుకల్లో ఒకటి పావు అంగుళం పొట్టిదైతే వరస మొత్తం వంకరపోతుంది. మీ దగ్గరి బట్టీ ఇటుక సమంగా లేకపోతే ఈ పద్ధతి మానుకోండి. యంత్రంతో అదిమిన, 5 శాతం దాకా సిమెంటు కలిపిన మట్టి దిమ్మెలు మరో మార్గం. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ చాలా ఏళ్లుగా వీటి మీద పనిచేసి, శిక్షణ ఇస్తోంది. మీ స్థలంలోది నల్లరేగడి అయితే ఆ మట్టి దిమ్మెలకు పనికిరాదు. నల్లరేగడిలో పునాదికే అదనపు ఖర్చు ఉంటుంది కాబట్టి, గోడల్లో మిగిల్చినది అక్కడ పెట్టవలసి వస్తుంది.

మేస్త్రిగారితో వట్టి మాటలతో వాదించకండి. కాంపౌండు గోడలో 10 అడుగుల ముక్కను ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టమని, ఆ పనికి చదరపు అడుగుల లెక్కన కాక రోజు కూలి ఇస్తామని చెప్పండి. కొత్త పని నేర్చుకునే రోజుల్లో వేగం సగానికి పడిపోతుంది. ఆ నష్టాన్ని ఆయన మీద వేస్తే ఎవరైనా వద్దనే అంటారు. ఆ ముక్క నచ్చితే పై అంతస్తు గోడలకు ఒప్పుకుంటారు. ఆ గోడ మళ్లీ పక్క వీధిలో ఆయనే ఎవరికో కడతారు. ప్రాంతపు పద్ధతి అనేది ఎప్పుడూ ఇలాగే ఒక ఊరి పనివారి చేతుల్లోకి వచ్చింది. ఇంటి యజమాని కోరుకున్నంత మాత్రాన రాలేదు.

చివరగా కరెంటు పని. మామూలు గోడలో లాగా కట్టిన తర్వాత కట్టర్‌తో గాడి కొడితే నిలబెట్టిన ఇటుక పగిలి, లోపలి ఖాళీ బయటపడుతుంది. స్విచ్ బోర్డులు, ఏసీ పాయింట్లు, గీజరు పైపులు ఎక్కడ రావాలో గోడ మొదలుకాక ముందే గీయించి, ఆ చోట్ల మాత్రం గోడను నిండుగా కట్టించండి. తలుపు, కిటికీ చట్రాల పక్కన, గోడ మూలల్లో, పునాది మీది మొదటి వరసలో కూడా ఖాళీ వదలకూడదు.